అమ్మ పాటలున్న డిస్కు

జనవరి 6, ఆళ్లగడ్డ

లాప్‌టాప్ ఆన్ కావడానికి ఇవాళ పదకొండు నిమిషాలు. లోపల గరగరమంటోంది. హార్డ్ డిస్క్ మార్చాలట. క్వశ్చన్ పేపర్లు పోతే పోనీ. అమ్మ పాటలు పద్నాలుగూ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ పెట్టుకోలేదు, బుద్ధి తక్కువై.

కూర్చోబెట్టి పాడమంటే అమ్మ పాడేది కాదు. పప్పు పొయ్యి మీద పెట్టి, ఆ ధ్యాసలో పాడేది. కుక్కర్ కూస్తే ఆగి, మళ్ళీ అందుకునేది. అయిపోగానే 'ఇంకోటి పాడమ్మా' అనేదాన్ని. అవన్నీ రికార్డయ్యాయి. ఆమె పోయి రెండేళ్లు.

తమ్ముడు పార్థు నంద్యాలలో మార్పించుకొస్తానన్నాడు. వాడికి ఇవన్నీ తెలుసు. దిగుల్లేదు.

జనవరి 10

కొత్త SSD వేయించాడు. పాత డిస్కు షాపు టేబుల్ మీదే చచ్చిపోయిందట. "ఒక్క ఫైలూ రాలేదక్కా, ఆడ్నే పడేసొచ్చినా" అన్నాడు. నేను ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. కాఫీ కలిపిచ్చి నేనే ఓదార్చాను.

జనవరి 11

పది సెకన్లలో ఆన్ అవుతోంది. పగలగొట్టాలనిపిస్తోంది.

ఫిబ్రవరి 3

రుద్రవరం వెళ్లాం, ఆయనా నేనూ. వేటకని ఊరూరూ తిరిగే అహోబిలం స్వామి పారువేట పల్లకి వచ్చింది. మైకులో పాట. చెంచులక్ష్మి అలిగిన పాట. అమ్మ గొంతు.

ఎవరో అలాగే పాడుతున్నారేమో అనుకున్నాను. మూడో చరణంలో కుక్కర్ కూసింది. పాట ఆగింది. మళ్ళీ అందుకుంది.

అంత జనంలో నిలబడి ఏడ్చాను. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. మైకు సెట్టు మద్దిలేటిని అడిగితే, "పార్థుసామి ఇచ్చినాడమ్మా, పద్నాలుగు పాటలుండాయి" అన్నాడు.

ఫిబ్రవరి 4, నంద్యాల. ఉదయం 11

స్కూలుకు సెలవు పెట్టి షాపుకొచ్చాను. ఓనర్ ఓంప్రకాష్‌కు బాగా గుర్తుంది. "డిస్కు యాడ చచ్చిందమ్మా, స్లో అయింది అంతే. డేటా కొత్తదాంట్లోకి ఎక్కిస్తామంటే మీ తమ్ముడే వద్దన్నాడు. పాతదాన్ని బయట్నుంచి తగిలించుకునేకి కేసు వేయించుకొని పట్టుకపాయ" అన్నాడు. ఆయనకేం తెలుసు, మామూలు మాటలాగే చెప్పాడు.

సాయంత్రం, ఆళ్లగడ్డ

పార్థుకు ఫోన్ చేశాను. కాదనలేదు, సిగ్గుపడలేదు. "అవి మనింటి పాటలక్కా. నువ్వు వేరే ఇంటిదానివి. నీకాడుంటే రేపు యాడికి పోతాయో" అన్నాడు.

రెండు చలికాలాలు ఆ వంటింట్లో అమ్మ పక్కన కూర్చున్నది నేను. అప్పుడు వీడు గడప కూడా తొక్కలేదు. అడిగితే కాపీ ఇవ్వనా? ఆ రోజు అంత ఏడ్చావే, అదేందిరా అన్నాను. అమ్మ గుర్తొచ్చి ఏడ్చినా అన్నాడు.

అది అబద్ధం కాదు. అందుకే ఇంకా మండుతోంది.

నా డిస్కు నాకు పంపించమని చెప్పి పెట్టేశాను.

ఫిబ్రవరి 7

పప్పు కుక్కర్‌లో పెట్టలేదు. గిన్నెలో ఉడికించాను.

ఫిబ్రవరి 12

డిస్కు రాలేదు. పెన్‌డ్రైవ్ వచ్చింది. పద్నాలుగు పాటలూ ఉన్నాయి, అన్నీ విన్నాను. నా 'ఇంకోటి పాడమ్మా' ఒక్కదాంట్లోనూ లేదు. కోసేశాడు.

కుక్కర్ కూత ఉంచాడు.