అమ్మ రేపు చేస్తానంది

బిలాస్‌పూర్,
సోమవారం పొద్దున్న

ప్రియమైన నాన్నా,

అన్నం పళ్ళెం నీ గది ముందు బట్టలుతికే బండ మీద పెట్టాను. ఈ కాగితం మూత కింద ఉంటుంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాకే తలుపు తియ్యి.

నీ ఫోను నువ్వు చెప్పినట్టే నా దగ్గర ఉంచుకున్నాను. ఎవరు చేసినా నేనే మాట్లాడుతున్నాను. రైలింజన్ల షెడ్‌లో ఫలానా ఆయన పోయాడు, శ్రీకాకుళంలో ఫలానా ఆవిడ పోయింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అవే కబుర్లు. పోయినేడు ఇలా లేదు. అవన్నీ వింటూ జ్వరంతో పడుకోవడం కన్నా మనం ఇలా కాగితాలు రాసుకోవడమే నయం. ఫోనులో మాట్లాడటం నాకు ఎలాగూ చేతకాదు. నువ్వు "హలో" అనగానే నేను చెప్పాల్సినవన్నీ మర్చిపోతాను.

పాత సైకిలూ విరిగిన కుర్చీలూ పడేసే ఔట్‌హౌస్‌లో నువ్వు పడుకున్నావంటే అమ్మకి మింగుడు పడటం లేదు. రాత్రి రెండుసార్లు లేచి వెనక తలుపు దగ్గర నిలబడింది. నేను గడియ తియ్యనివ్వలేదు.

లాక్‌డౌన్ ఇంకా పొడిగిస్తారంటున్నారు. ఈ రోజులన్నీ ఇంట్లో ఎలా గడుపుదామనుకుంటున్నారో రాసి పంపమన్నావు కదా. అమ్మ ప్లాను పెద్దదే. ఇంట్లో తలగడలన్నీ విప్పి, బూరుగు దూది ఎండబెట్టి, ఉండలు విడదీసి, కొత్త గలేబుల్లో మళ్ళీ కుడుతుంది. నా దగ్గర హిందీ అక్షరాలు నేర్చుకుంటుంది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్ళోనే ఉంటూ బస్సు మీద ఊరి పేరు చదవలేకపోవడం ఏం బతుకు అని అడిగింది, నేనేదో వద్దన్నట్టు. మధ్యాహ్నాలు నేను ఒక నవల పైకి చదవాలి, తను వినాలి. మామిడికాయలు దొరికితే ఆవకాయ.

నాకు ప్లాను ఏమీ లేదు. ఇంట్లో కూర్చోవడం నాకు కొత్త కాదు.

నీ
హరిప్రియ

*

సోమవారం సాయంత్రం

హరిప్రియ తల్లికి నాన్న దీవెనలు.

జ్వరం ఉంది. ఒళ్ళంతా పాత ఇంజను మీద కూర్చున్నట్టు ఊగుతోంది. దగ్గు ఉంది గాని ఊపిరి బాగానే ఆడుతోంది. ఇవన్నీ నీతో చెబుతున్నాను, కాగితం మీ అమ్మకు ఇవ్వకు.

నా సంగతి వదిలెయ్యి, నేను మొండివాణ్ణి. మీ అమ్మకి ఆయాసం ఉంది. నాకొచ్చింది ఆవిడకి రాకూడదు. నాకు కావలసింది అదొక్కటే. రాత్రిళ్ళు వెనక తలుపు దగ్గరికి రానివ్వకు. ఆవిణ్ణి కాపాడటమే నీ డ్యూటీ, మరేటీ చెయ్యక్కర్లేదు.

ఇంకో మాట. రైలుబండి నడిపే మన రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళల్లో పద్ధతి నీకు తెలుసు. బండి మీదున్న మనిషికి చెడ్డకబురు చెప్పరు. దిగి, డ్యూటీ అయిందని సైన్ ఆఫ్ చేసి, ఇంటికొచ్చి స్నానం చేశాకే చెబుతారు. మనసు చెదిరితే సిగ్నల్ చూడడు, వెనకాల బండంతా పోతుంది. మీ అమ్మ ఆ పద్ధతి ఒక్కనాడూ తప్పలేదు. ఇప్పుడు నేను బండి మీదున్నాననుకో. నెగెటివ్ వచ్చిన రోజు దిగినట్టు. ఈలోగా ఎవరు పోయినా, ఎంత దగ్గరవాళ్ళయినా, నాకు చెప్పొద్దు.

నా ప్లాను నిద్రే. ఇన్నేళ్ళూ డ్యూటీకి రమ్మని కాల్ బుక్కు పట్టుకొచ్చి ఎవడో ఒకడు తలుపు బాదితే లేచినవాణ్ణి. ఇప్పుడు ఎవడొచ్చి బాదుతాడో చూస్తాను.

పప్పు బాగుంది. మీ అమ్మ చేతి పప్పు గది మారినా మారదు.

మీ నాన్న

*

బుధవారం

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరాన్ని పటకారుతో తెచ్చి, రెండు వైపులా ఇస్త్రీపెట్టె పెట్టి చదివాను. అమ్మ చూసి, మీ నాన్న చొక్కాలకి ఏనాడూ ఇంత ఇస్త్రీ జరగలేదంది.

తలగడలు విప్పేశాం. ముందు గదంతా దూదే. నీ తలగడే అన్నిటికన్నా మురికిగా ఉందట. అది విప్పుతూ నీ నూనె తల గురించి అమ్మ అన్నవన్నీ రాస్తే కాగితం చాలదు. ఔట్‌హౌస్‌కి వినబడాలనే గట్టిగా అంది. విన్నావా?

హిందీ మొదలైంది. బలపం లేదు కాబట్టి కందిపప్పు పళ్ళెంలో వేలితో రాయిస్తున్నాను. "బ" వచ్చింది, "ల" వచ్చింది. బిలాస్‌పూర్ అన్న పేరులో సగం వచ్చేసినట్టేనట. మిగతా సగం వచ్చాక స్టేషన్‌కి తీసుకెళ్ళి బోర్డు ముందు నిలబెట్టాలట.

దూది నూగుకి కాస్త దగ్గుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నాను, కట్టుకుంది. వాము కషాయం తాగింది. ఇది చెడ్డకబురు కాదు నాన్నా, దూది సంగతి.

నీ
హరిప్రియ

*

బుధవారం సాయంత్రం

తల్లీ,

దూది పని ఇప్పుడే ఆపెయ్యమను. ఆ గదంతా తుడిచెయ్యి. కషాయం సరే, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషను నా దగ్గరున్నదే బండ మీద పెడుతున్నాను, స్పిరిటుతో తుడిచి మీ అమ్మకి పెట్టి చూడు. నాకు అక్కర్లేదు. అంకె తగ్గితే ఆలోచిస్తూ కూర్చోకు. పక్క క్వార్టర్ జయప్రకాష్ మామయ్యని లేపు. వాడు నా బండికి గార్డుగా ఎన్నేళ్ళు పనిచేశాడో నీకు తెలుసు, ఏ వేళప్పుడైనా వస్తాడు. నీకు మొహమాటం ఎక్కువ. ఈ ఒక్కసారికి దాన్ని పక్కన పెట్టు.

మీ నాన్న

*

శుక్రవారం

ప్రియమైన నాన్నా,

నిన్న రాయలేకపోయాను, పని ఎక్కువైంది. నీకు జ్వరం దిగుతోందని పళ్ళెం చూస్తేనే తెలిసింది. అన్నం మిగల్చలేదు.

దూది పని ఆపేశాం. మూటలు కట్టి మంచాల కింద పెట్టాను. నీ తలగడ మాత్రం తనే కుడతానని, నన్ను ముట్టుకోవద్దని అమ్మ చెప్పింది. నేను కుడితే అది తలగడలా కాకుండా బస్తాలా ఉంటుందట. మస్తూరీ నుంచి కూరల బండి ఆయన వచ్చాడు. మామిడికాయలు ఇంకా లేతగా ఉన్నాయి. వచ్చేవారం పుల్లటివి చూసి తెమ్మని చెప్పమంది. రేపట్నుంచి హిందీలో ఒక్కో అక్షరం కాకుండా రెండేసి నేర్చుకుంటానంది.

నీ మాత్రలు చీటీ ప్రకారం వేసుకో. గోరువెచ్చని నీళ్ళే తాగు.

నీ
హరిప్రియ

*

శనివారం

తల్లీ,

చెమట పట్టి జ్వరం దిగింది. దగ్గు తగ్గింది. నీరసం ఉంది, అది ఉంటుంది.

నువ్వు తింటున్నావా? నాకెంత పెడుతున్నావో నువ్వూ అంత పెట్టుకో. పప్పులో ఉప్పు మరిచిపోయావు, పర్లేదు. నేను ఉప్పు లేకుండా తినగలను. నువ్వు అసలు తినకుండా ఉండకు.

వీధి తలుపుకి పై గడియ కూడా వెయ్యి. పుస్తకం చదువుకుంటూ కూర్చోక కాస్సేపు పడుకో.

మరేటీ అడగను.

మీ నాన్న

*

ఆదివారం పొద్దున్న

ప్రియమైన నాన్నా,

తింటున్నాను. జయప్రకాష్ మామయ్య వాళ్ళ రజిని అత్త గోడ మీంచి అడిగి అడిగి మరీ తినిపిస్తోంది.

నవల మూడొంతులు అయ్యింది. మిగతాది నేనొక్కదాన్నీ ముందు చదివేసుకోకూడదని అమ్మ ఆంక్ష పెట్టింది. ఆ చిన్న కోడలు పుట్టింటికి వెళ్తుందా లేదా అన్నది తన ముందే తేలాలట. వెళ్తుందని తన పందెం. వెళ్ళదని నాది. ఎల్లుండి మధ్యాహ్నం కూర్చుని పూర్తి చేసేద్దామంది. ఆ తర్వాత ఏం చదవాలో కూడా నన్ను ఆలోచించి పెట్టమంది. ఏడిపించే కథ వద్దంది.

రేపు నీ దుప్పటి మారుస్తాను. పాతది బకెట్‌లో నానబెట్టి బయట పెట్టు.

నీ
హరిప్రియ

*

మంగళవారం

నాన్నా,

గ్యాస్ అయిపోయింది. కొన్ని రోజులు రజిని అత్త వాళ్ళింటి నుంచి భోజనం వస్తుంది. ఇవాళ్టిది ఇదిగో. వేడిగా ఉండగానే తిను.

హరిప్రియ

*

మంగళవారం

తల్లీ,

భోజనం బాగుంది. అంతా తిన్నాను. రజినితో చెప్పు.

నాన్న

*

శుక్రవారం

ప్రియమైన నాన్నా,

రిపోర్టు వచ్చింది. నీకు నెగెటివ్. నాకూ ఏమీ లేదు. జయప్రకాష్ మామయ్య ఇప్పుడే కాగితాలు ఇచ్చి వెళ్ళాడు. నువ్వు బండి దిగావు. ఇంక చెప్పాలి.

అమ్మ లేదు నాన్నా. సోమవారం తెల్లవారాక పోయింది.

బుధవారం నువ్వు పంపిన మిషను పెట్టి చూశాను. అంకె తక్కువగానే ఉంది. నా వేలికి పెట్టుకుని చూశాను, మళ్ళీ అమ్మకి పెట్టాను. మామయ్యని పిలిచాను. మొహమాటపడలేదు. గురువారం పొద్దున్నే వ్యాను దొరికింది. ఎక్కేముందు అమ్మ నా మణికట్టు పట్టుకుని, "మీ నాన్నకి ఇప్పుడు చెప్పకు. బండి మీదున్నాడు" అంది. అంత చెప్పడానికి మూడుసార్లు ఆగింది.

ఆస్పత్రిలో నన్ను వార్డులోకి పంపలేదు. అమ్మ దగ్గర తన ఫోనుంది. రోజూ చేసింది. నీ తలగడ, పుల్లటి కాయలు, నవల, అన్నీ ఆ ఫోనులో అన్న మాటలే. గ్యాస్ అయిపోయిందన్నది తప్ప నేను నీకు అబద్ధం రాయలేదు. కాన్వెంటు స్కూల్లో సిస్టర్లు నేర్పింది అంత తొందరగా వదలదు. అందుకని అమ్మ ఎలా ఉందో రాయడం మానేసి, ఏం చేద్దామనుకుంటోందో అదే రాశాను. అబద్ధం కన్నా అది మంచిదేమీ కాదని రాస్తున్నప్పుడే తెలిసింది. అయినా రాశాను.

ఆదివారం సాయంత్రం చేసినప్పుడు మాట సరిగా రావడం లేదు. "మీ నాన్నేడి?" అంది. పడుకున్నాడన్నాను. నిజంగానే పడుకున్నావు. "లేపకు" అంది. ఫోను నా చేతిలోనే ఉంది. పెరడు దాటితే నీ తలుపు. నీ జ్వరం దిగి ఒక్క రోజే అయింది. తలుపు దాకా వచ్చాను. కొట్టలేదు. వెనక్కి వచ్చేశాను. మర్నాడు పొద్దున్న ఫోను వచ్చింది గాని, అందులో అమ్మ గొంతు కాదు.

అమ్మని మనకి అప్పగించలేదు. అన్నీ వాళ్ళే చేశారు. మామయ్య దూరంగా నిలబడ్డాడు. నేను శ్మశానం గేటు అవతల ఉన్నాను. మొహం చూడలేదు.

బండి మీదున్న మనిషికి చెప్పకూడదని నువ్వు రాశావు, చెప్పొద్దని అమ్మ అంది. ఇద్దరి మాటా విన్నాను. వినకుండా ఉండాల్సిందేమో. నువ్వు ఏమన్నా పడతాను.

హరిప్రియ

*

శుక్రవారం మధ్యాహ్నం

నా తల్లికి,

నాకు తెలుసు.

గురువారం వ్యాను చప్పుడుకి లేచాను. నా కిటికీలోంచి సందు చివర గేటు కనబడుతుంది. ఎక్కేముందు మీ అమ్మ ఇటు తిరిగింది. నన్ను చూసింది. నేను తలుపు వైపు నడవబోతే, ఉన్నచోటే ఉండమని చెయ్యి ఊపింది, పెరట్లోకొచ్చిన ఆవుని తోలినట్టు. ఆ చెయ్యి చూసి ఆగిపోయాను. నువ్వు అటు తిరిగి ఆవిడ సంచి సర్దుతున్నావు.

తర్వాత నీ ఉత్తరాలు వచ్చాయి. అన్నిట్లోనూ మీ అమ్మ రేపు చేస్తానంటోంది, ఎల్లుండి చేద్దామంటోంది. ఇవాళ్టి పని రేపటికి ఉంచిన మనిషా ఆవిడ? ఒకసారి చదువుతూ చదువుతూ నవ్వొచ్చింది కూడా. నాకు తెలుసని రాద్దామనుకుని కాగితం తీశాను. ఒక్కదానివి, పెరట్లో ఒకణ్ణీ ఆస్పత్రిలో ఒకర్నీ లాగుతున్నావు. నాకు తెలుసని తెలిస్తే నీ గుండె నీరవుతుంది. బండి మీదున్నది నేను కాదు, నువ్వే అనుకున్నాను. అందుకని ఉప్పు గురించి రాసి ఊరుకున్నాను.

పోయిందని మంగళవారం తెలిసింది. నిండు సిలిండరు నేను జ్వరం పడేముందే మార్చాను, అప్పుడే ఎలా అయిపోతుంది. మనవాళ్ళలో మనిషి పోయిన ఇంట్లో పొయ్యి రాజెయ్యరు, ఇరుగు పొరుగు వాళ్ళే అన్నం పంపుతారు. ఆ పళ్ళెం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వదిలేస్తే నీకు అర్థమైపోతుంది. అంతా తిన్నాను.

మీ అమ్మతో మాట్లాడతానని ఆ ఫోను నేనూ అడిగుండొచ్చు. గురువారమే అడిగుండొచ్చు. ఇంటికొస్తుందిలే, వచ్చాక తిట్టించుకోవచ్చు అనుకున్నాను. నేనూ రేపటికే ఉంచాను.

స్నానం చేసి వస్తున్నాను. తలుపు తీసి ఉంచు.

వచ్చేలోగా ఒక మాట రాసి ఇవ్వాలి, అందుకే ఈ ఉత్తరం. ఇప్పుడు నాకు నీ మీద కోపం లేదు. ఉండటానికి చోటు లేదు. గాని నా సంగతి నాకు తెలుసు. ముందుముందు ఎప్పుడో, దీనికి సంబంధమే లేని గొడవలో, కూర మాడిందనో, ఇంటికి ఆలస్యంగా వచ్చావనో అరుస్తూ, ఆ రోజు నన్ను లేపి ఒక్క మాట మాట్లాడించలేకపోయావా అని నిన్ను అంటాను. అనకూడదని ఇప్పుడు ఎంత అనుకున్నా, అంటాను.

అప్పుడు నువ్వు ఏడవకు. జవాబు చెప్పకు. ఈ కాగితం తెచ్చి నా ముందు పెట్టు.

మీ నాన్న
అప్పలస్వామి