ఎండతో నడిచే పంపు

6 ఫిబ్రవరి 1974
గోల్‌బజార్‌లో కిరసనాయిలు క్యూ. రెండు గంటలు నించుని ఖాళీ డబ్బాతో తిరిగొచ్చాను. క్యూలో అందరిదీ ఒకటే మాట. ఊరి చివర షెడ్డులో అద్దాలు పెట్టి ఎండతో నీళ్ల పంపు నడిపిస్తారట. అదీ గవర్నమెంటు గ్రాంటుతో! ఒళ్లు మండింది. క్లాసులో పాఠం చెబుతున్నా అదే ధ్యాస.

8 ఫిబ్రవరి
ఇంగ్లీషులో అర్జీ రాశాను, ఢిల్లీకి. ఆ ప్రయోగం ఆపి ముందు కిరసనాయిలు చూడండి అని. మొదటి సంతకం పక్కింటి చిట్టెమ్మది. ఆవిడ భర్త తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆ షెడ్డులోనే పని. నేను జంకితే ఆవిడే కలం లాక్కుంది. "ఆ అద్దాల కాడ ఎండలో మాడిపోతన్నాడు టీచరమ్మా. ఇంట్లో పొయ్యెలగదు. ఏటి లాబం?" అంది.
మధ్యాహ్నానికల్లా కాగితం నిండిపోయింది.

19 ఫిబ్రవరి
తవిటయ్య గుమ్మం దగ్గర ఆగి, ఓపాలి షెడ్డుకొచ్చి చూడమన్నాడు. పరీక్ష పేపర్లున్నాయన్నాను. లేవు.

5 మార్చి
ఇన్‌స్పెక్షన్‌కి ఆఫీసర్లొచ్చారు. పొద్దున్నుంచీ మబ్బు. పంపు కదల్లేదట. మా అర్జీ చూపించి, నెలాఖరుకి మూసేస్తామన్నారట. క్యూలో అంతా నవ్వారు. నేనూ నవ్వాను. కిరసనాయిలు మాత్రం రాలేదు.
ఇంటికొచ్చాక కుదురుగా కూర్చోలేకపోయాను. వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

7 మార్చి
ఉండబట్టలేక ఒక పూట సెలవు పెట్టి వెళ్లాను. తవిటయ్య ఒక్కడే ఉన్నాడు, అద్దాలు తుడుస్తూ. ఎండ బాగా కాసింది. అద్దాల వెలుగంతా ఓ చిన్న బాయిలర్ మీద పడుతోంది. చాలాసేపటికి ఆవిరి బుసకొట్టింది. పంపు దడదడలాడింది. తొట్టిలో నీళ్లు! చెయ్యి పెట్టాను. చిన్నపిల్లలా నవ్వాను.
పంపు ఆగాక, అర్జీ రాసింది నేనేనని చెప్పేశాను.
"తెలుసమ్మా. మన పేటలో అంత ఇంగిలీసు ఇంకెవులికొచ్చు?" అన్నాడు. మళ్లీ అద్దం తుడుస్తూ, "రాసినందుకు బాద లేదు. సూసి రాసుంటే బాగుణ్ణు" అన్నాడు.


8 మార్చి
రెండో అర్జీ రాశాను, మూయొద్దని. క్యూలో ఎవరూ ముట్టుకోలేదు. ఒక బెంగాలీ ఆయన, మీకూ ఆ షెడ్డులో ఉద్యోగమిచ్చారా అని నన్నడిగాడు. చిట్టెమ్మ కాగితం వంక చాలాసేపు చూసింది. చివరికి సంతకం పెట్టింది. ఆవిడది, నాది. అంతే.
సాయంత్రం తవిటయ్యకి తెలుగులో చదివి వినిపించాను. పంపు గంటసేపు నడిచిందన్న చోట ఆపేశాడు.
"గంట కాదమ్మా, ఇరవై నిమిసాలు. మబ్బేస్తే అదీ లేదు. అలగే రాయండి."
అలా రాస్తే ఎవరు వింటారని గట్టిగానే వాదించాను. ఆయన లేచి వెళ్లిపోయాడు.

9 మార్చి
ఇరవై నిమిషాలనే రాశాను. మబ్బు సంగతీ రాశాను. పోస్టు చేశాను.

31 మార్చి
జవాబు రాలేదు. షెడ్డుకి తాళం పడింది. తవిటయ్య అన్నం తిన్నాడట, చిట్టెమ్మ చెప్పింది. నేను తినలేదు.