బావగారి అడ్రసు

ఫిబ్రవరి 6

మరో కస్టమర్ కార్డు చెల్లలేదు. వీల్‌చైర్‌లో ఉండే ఆవిడ. మూడుసార్లు ప్రయత్నించి, మీ కంపెనీ ఉన్న దేశానికి మా బ్యాంకు చెల్లించనంటోంది, క్షమించండి అని మెయిల్ పెట్టింది. అప్పటికే ఆవిడ ప్యాంటుకి ప్యాటర్న్ గీసేశాను. ఊరికే పంపేశాను. ఉంచుకుని ఏం చేసుకోను, ఆ కొలతలు ఇంకెవరికీ పట్టవు.

గార్మెంట్ ఫ్యాక్టరీ మూతపడ్డాక నాకు మిగిలిన విద్య ఇదొక్కటే. భుజం జారినవాళ్ళు, వెన్ను వంగినవాళ్ళు, రెడీమేడ్ బట్టలు కుదరనివాళ్ళు కొలతలు పంపుతారు. నేను ప్యాటర్న్ గీసి పీడీఎఫ్ చేసి పంపిస్తాను. వాళ్ళు ప్రింటు తీసుకుని కుట్టుకుంటారు. కస్టమర్లందరూ బయటి దేశాలవాళ్ళే. కంపెనీ ఇక్కడ. అదే తంటా.

ఫిబ్రవరి 9

ఆడిటర్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకి నేను పెట్టుకున్న పేరు చూద్దాంగారు. ఏమడిగినా చూద్దాం అంటాడు. ఇవాళ మాత్రం విషయం చెప్పాడు. కంపెనీని బయటే రిజిస్టర్ చేసుకోమన్నాడు. ఒక ద్వీపం ఉందట, పన్ను లేదు, కానీ దాని పేరు వింటేనే బ్యాంకులకి అనుమానం. ఒక చలిదేశం ఉందట, అంతా ఆన్‌లైన్లోనే అయిపోతుంది, కానీ మన పాస్‌పోర్టు చూశాక ఖాతా తెరవరు. ఇక మిగిలింది అక్క ఉండే దేశం. అక్కడే నివసించే డైరెక్టర్ ఒకరు, అక్కడి సొంత ఇంటి అడ్రసు ఒకటి ఉంటే చాలు. మీ అక్కగారున్నారుగా అన్నాడు.

పది మెట్లు దిగేలోపే నిర్ణయం అయిపోయింది.

ఫిబ్రవరి 10

అక్కకి ఫోన్ చేసి అడిగాను. రేపు చెప్తానే అంది. నేనేదైనా అడిగితే అక్క రేపు అనడం ఇదే మొదలు. కాగితాలంటే భయమేమో.

ఫిబ్రవరి 11

సరేనంది.

ఫిబ్రవరి 15

డైరెక్టర్‌గా అక్క ఒక్కతే చాలు. నేనే బావగారి పేరు కూడా వేయించాను. ఇల్లు ఆయనది, కరెంటు బిల్లు ఆయన పేర ఉంది. ఆయన్ని కాదని ఆయన గుమ్మానికి మన బోర్డు కడితే ఏం బాగుంటుంది? అవసరం లేదమ్మా అని ఆడిటర్ అన్నాడు. ఆయన పేరు తప్పదా అని అక్క రెండుసార్లు అడిగింది. మర్యాద కోసమే అక్కా, ఊరికే పేరుంటుందంతే అన్నాను.

సాయంత్రం బావగారు ఫోన్ చేశారు. పొంగిపోయారు. మరదలి కంపెనీ అంటే నా కంపెనీ కాదా అన్నారు. ఎంత మంచి మనిషి!

మార్చి 3

కంపెనీ పుట్టింది. నేనెన్నడూ చూడని వీధిలో, బావగారి ఇంట్లో.

మార్చి 19

కార్డులు పనిచేస్తున్నాయి. వీల్‌చైర్ ఆవిడ మళ్ళీ వచ్చింది. వారం రోజులుగా అన్నం తింటూ కూడా గీస్తున్నాను. వేళ్ళు లాగుతున్నాయి. లాగనీ. చాలా ఏళ్ళకి నేను నవ్వుతున్నానని పక్కింటావిడ అంది.

ఏప్రిల్ 22, మధ్యాహ్నం

కొత్త ఆర్డర్. ఆడవాళ్ళ కోటు. కుడి చెయ్యి పైకెత్తకుండా తొడుక్కునేలా ఉండాలట, గుండీలు ఎడమ చేత్తో పెట్టుకోగలగాలట. పేరు ఎవరిదో.

కొలతలు వరసగా ఎక్కించుకుంటున్నాను. ఎడమ చెయ్యి కుడి చేతికన్నా అరంగుళం పొడుగు. మెడ, నడుము, వీపు. పెన్సిలు ఆగిపోయింది. ఆ మెడ నాకు తెలుసు. అక్కకి కుట్టిన ప్రతి చొక్కాకీ ఎడమ చేతికి అరంగుళం మడత విప్పింది నేనే. కుడి భుజం మాత్రం అక్కది కాదు. రెండంగుళాలు కిందికి జారి ఉంది.

ఏప్రిల్ 22, సాయంత్రం

అక్కకి ఫోన్ చేశాను. ముందు మెట్ల మీద పడ్డానంది. తర్వాత తలుపు తగిలిందంది. భుజం కొలత చదివి వినిపించాను. మీ బావ తోశాడే అంది చివరికి.

ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఎలా అయిందని అడుగుతావు, ఆర్డర్ పెడితే అందరికీ గీసినట్టే గీసి పంపేస్తావనుకున్నాను, మీకు ఎండాకాలమైతే ఇక్కడ చలి మొదలవుతోంది, పాత కోటు తొడుక్కోలేకపోతున్నాను అంది.

ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోదామని ఫిబ్రవరిలోనే వేరే గది చూసుకుందట. మర్నాడు తాళంచెవి తీసుకోవాలి. ఈలోగా నేను ఫోన్ చేసి అడ్రసు అడిగాను. అద్దె గదిలో కంపెనీ పెట్టనివ్వరు. చెల్లి నిలదొక్కుకునేదాకా ఓర్చుకుందామని ఉండిపోయింది. ఇప్పుడు గడప దాటితే, ఈ అడ్రసులో ఏ కంపెనీ లేదని బ్యాంకుకి ఒక్క ఉత్తరం రాస్తానన్నాడట. డైరెక్టర్ కదా, రాయొచ్చు. ఆ రోజే ఖాతా ఆగిపోతుంది.

పోతే పోనీ, నువ్వు బయటికి రా అన్నాను. నువ్వేం తింటావే అంది. ఫ్యాక్టరీకి పోతానన్నాను. ఏ ఫ్యాక్టరీ అంది.

ఏప్రిల్ 23

చూద్దాంగారు ఈసారి చూద్దాం అనలేదు. కంపెనీ మూయాలన్నా, అక్క తప్పుకోవాలన్నా రెండో డైరెక్టర్ సంతకం కావాలట. అది లేకుండా అక్క ఆ దేశం వదిలితే కేసు అక్క మీద పడుతుందట. అక్కడ కొత్త కంపెనీ పెట్టుకుందామని ద్వీపానికి రాశాను. చలిదేశానికి రాశాను. పాస్‌పోర్టు చూసి వద్దన్నారు.

రెండో డైరెక్టర్. నేను మర్యాద చేసిన మనిషి. వాడు.

ఏప్రిల్ 25

కోటు ప్యాటర్న్ గీశాను. కుడి చంక కింద వెడల్పు వదిలాను, భుజం మీద కుట్టు లేకుండా తిప్పాను, గుండీలన్నీ ముందుకి తెచ్చాను. ఇంత బాగా ఎప్పుడూ గీయలేదు. ఏడుస్తూనే గీశాను. పంపాను.

ఏప్రిల్ 30

వాడు సంతకం పెట్టనన్నాడు. నేనే ఫోన్ చేసి బతిమాలాను. బావగారూ అనే పిలిచాను. మన కంపెనీ బంగారంలా నడుస్తోంది, మూయడమేమిటమ్మా అన్నాడు, నవ్వుతూ.

ఆర్డర్లు తీసుకునే సైటు మూసేశాను. దానికెవరి సంతకమూ అక్కర్లేదు.

మే 4

అక్క ఫోన్. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. సైటు మూసి తన పరువు తీశామంటున్నాడట. పనికి పోకుండా నాలుగు రోజులుగా ఇంట్లోనే కూర్చుంటున్నాడట. గది సంగతి అడిగాను. అది ఎప్పుడో ఇంకెవరికో ఇచ్చేశారట. అక్కడ ఇలాంటి ఆడవాళ్ళకి సాయం చేసేవాళ్ళ నంబరు వెతికి చెప్పాను. రాసుకుంటున్నాను అంది. పెన్ను చప్పుడు వినపడలేదు.

సైటు తెరవవే, నీ కాళ్ళు పట్టుకుంటాను అంది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి.

మే 6

తెరిచాను. పొద్దున్నే మూడు ఆర్డర్లు.

అక్క కోటు కుట్టుకుందట. ఎక్కడా బిగుసుకోవడం లేదట. చాలా బాగా కుదిరిందట.