ఫోనులో తప్పుగా పడిన ఊరు

అమలాపురం, 12-8-2008

అమ్మా,

ప్రభువు కాపుదలలో ఇక్కడ బాగానే ఉన్నాను. నర్సు ఉద్యోగం వచ్చింది గానీ ఎక్కడో ఏజెన్సీ కొండల్లో మారేడుమిల్లిలో వేశారని నిన్న పక్కింటి సూర్యకుమారిగారి ఫోనుకి చేసి ఏడ్చాను కదా, అది తప్పు. నాకు ఇచ్చింది మన మామిడికుదురు ఆసుపత్రే. ఈ రోజు ఆవిడ ఫోను ఎవరూ తీయలేదు, అందుకే కార్డు రాస్తున్నాను.

పోస్టింగుల పట్టిక నా చిన్న ఫోనులోనే చూశాను. అందులో నెట్ చూపించే బ్రౌజరు, ఏ పేజీనైనా ముందు తన కంపెనీ కంప్యూటరుకి రప్పించి, కుదించి మనకి పంపుతుంది. అందుకే నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా చప్పున తెరుచుకుంటుంది, ఖర్చూ తక్కువే. కానీ ఆ కుదింపులో పట్టిక వరసలు చెదిరి, వేరే ఆవిడ ఊరు నా పేరు కింద పడింది. నేను ఉద్యోగంలో చేరనని కాగితం రాస్తుంటే, నా గదిలో ఉండే లావణ్య చెయ్యి పట్టుకుంది. "ఆగవే, నెట్ సెంటరులో పెద్ద తెర మీద చూసేకా రాద్దువుగాని" అంది. చూసి, అక్కడే కూలబడి నవ్వేశాను.

మస్కట్‌లో స్టీఫెన్ అన్నయ్య ఇదే బ్రౌజరులో బ్యాంకు పని చేస్తున్నాడట. పాస్‌వర్డు కూడా ఆ కంపెనీ కంప్యూటరు మీదుగానే వెళ్తుంది, వద్దని చెప్పు. పెట్టెలో నా సర్టిఫికెట్లు తీసి ఉంచు.

నేను దగ్గర లేకపోతే తన కంటి ఆపరేషను వద్దన్నారుగా నాన్నగారు. ఇక తేదీ తీసుకోమను. చుక్కలు నేనే వేస్తాను. శనివారం వస్తాను. అందరికీ వందనాలు.

నీ శారోన్