పసుపు చుక్క

బాగేపల్లి,
సోమవారం

ప్రియమైన మామకు, కోడలు చైత్ర నమస్కారాలు.

ఫోన్‌లో చెబుదామంటే మీకు వినపడదు. అత్తమ్మతో చెప్పిస్తే మీ దగ్గరికి చేరేసరికి రేడియేటర్ కాస్తా రేడియో అయిపోతోంది. అందుకే ఉత్తరం రాసి చింతామణి బస్సు కండక్టర్ సీనప్ప చేతికిస్తున్నాను.

ముందు మంచి మాట. చాకవేలు ఊరి చామంతి రైతులు ఆరుగురు వాళ్ళ పూలన్నీ చిక్కబళ్ళాపురం మార్కెట్‌కు మన పికప్‌లోనే వేస్తామన్నారు. వచ్చే సోమవారం నుంచి రోజూ నేనే తోలాలి. వాళ్ళలో లక్ష్మణప్ప అయితే, "ఆడబిడ్డ తోలితే ఏమప్పా, టయానికి పూలు చేరితే సాలు" అన్నాడట. ఆ సంతోషంలో అన్నం తినడం కూడా మరిచిపోయాను.

ఇక అసలు సంగతి. బండి కూలెంట్ నీళ్ళు తాగేస్తోంది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ తెలియలేదు. రెండుసార్లు చిక్కబళ్ళాపురం పోయొస్తే లీటరు మాయం, వేడి ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. కింద చూస్తే తడి లేదు. ఇక్కడి మెకానిక్ ఒకడు బానెట్ కూడా ఎత్తకుండా, "హెడ్ గ్యాస్కెట్ పోయిందమ్మా, ఇంజన్ దించాల" అన్నాడు. అది విని మీ అబ్బాయి నాగేశ్, "పదిహేడేండ్ల బండికి ఇంజన్ పనా? గుజరీకి ఏసేద్దాం" అంటున్నాడు. బండి పాత ఇనుమైతే నా పూల బాడుగ కూడా దాంతోనే పోతుంది. ఆదివారం దాకా గడువు అడిగాను. నలభై ఏళ్ళు షెడ్డు నడిపినవారు మీరు. ఏం చూడాలో చెప్పండి మామా.

మీ కోడలు,
చైత్ర

*

చింతామణి,
మంగళవారం

అమ్మా చైత్రా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. "ఎవరు రాసినారు, ఇంత నవ్వుతాండావు?" అని మీ అత్త అడిగింది.

బానెట్ ఎత్తకుండా గ్యాస్కెట్ అన్నోని దగ్గరికి మళ్ళా పోవద్దు. బండి నిలిపిన చోట కింద అట్టపెట్టె చించి పరుచు, తడి యాడ పడతాదో చూడు. ఆయిల్ పుల్ల తీసి చూడు, ఆయిల్ పాలకాఫీ రంగుకు తిరిగింటే నీళ్ళు కలిసినట్టు. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యి. బుడగలు ఆగకుండా వస్తాంటే, పొగ తెల్లగా వస్తాంటే వాడు చెప్పిందే నిజం. వేడి మీద మాత్రం మూత తియ్యొద్దు, మొకం కాలుతాది.

ఇంకొకటి. నేను బిగించిన ప్రతి సామాను మీదా పసుపు రంగు చుక్క ఉంటాది. చుక్క ఉన్నదాన్ని అనుమానించొద్దు. అది నా చేతిది.

నేనే వచ్చేటోణ్ణి గానీ మోకాళ్ళు సతాయిస్తాండాయి. షెడ్డు మూసింది కూడా వీటివల్లనే కదా.

దీవెనలతో,
మీ మామ ఆంజనేయప్ప

*

బాగేపల్లి,
గురువారం

ప్రియమైన మామకు,

అట్ట అప్పడంలాగా ఎండి ఉంది. ఆయిల్ నల్లగా ఉంది. బుడగలు రెండొచ్చి ఆగిపోయాయి. పొగలో తెలుపు లేదు. గ్యాస్కెట్ బాగుంది మామా! నేను బండి చుట్టూ గంతులేస్తుంటే పక్కింటి కెంపమ్మ, "ఏమ్మా, లాటరీ తగిలిందా?" అని అడిగింది.

కానీ సంతోషం గంటసేపే. పైపులన్నీ తడిమాను, పొడిగానే ఉన్నాయి. మరి నీళ్ళు ఎటు పోతున్నట్టు? నాగేశ్ గుజరీ వాణ్ణి ఆదివారం రమ్మన్నాడు. నాకింక చూడడానికి ఏమీ మిగల్లేదు, భయంగా ఉంది.

మీ
చైత్ర

*

చింతామణి,
శుక్రవారం

అమ్మా చైత్రా,

భయం ఎందుకు? చూసేది అయిపోయింది, వినేది మిగిలుండాది. బండిని బాగా వేడెక్కేదాకా తోలుకొని రా. ఆపి, బానెట్ ఎత్తి, గమ్మున నిలబడు. ఏమి వినిపిస్తే అది రాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తే నేను ఈడ వింటా.

మామ

*

బాగేపల్లి,
సోమవారం

ప్రియమైన మామా,

దొరికింది! తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి.

శనివారం నలభై కిలోమీటర్లు తోలి వచ్చి, ఆపి విన్నాను. ముందు ఇనుము చల్లారే టిక్కు టిక్కు. దాని వెనక సన్నగా, గ్యాస్కెట్ అరిగిన కుక్కరులాగా బుస్సు. రేడియేటర్ మూత దగ్గర్నుంచి. ఆ వెంటనే పక్కన పొంగిన కూలెంట్ చేరే బాటిల్‌లో బుడబుడ. బాటిల్ కింద ఆకుపచ్చ మరక ఎండిపోయి ఉంది. మూత ఒత్తిడి ఆపలేక కూలెంట్‌ను బాటిల్‌లోకి నెట్టేస్తోంది, బాటిల్ నిండి పొంగి దారిలోనే ఒలికిపోతోంది. నిలిపినాక ఇక కారడానికేముంది? అందుకే అట్ట తడవలేదు.

మూత రబ్బరు అరిగిపోయింది, అంతే. స్పేర్ పార్ట్స్ అంగడి పురుషోత్తమ్ దగ్గర కొత్తది తెచ్చి వేశాను. మీ చేతి సామాను ఏదీ చెడలేదు.

ఈ రోజు మొదటి లోడు. తెల్లవారేసరికి మార్కెట్‌లో ఉన్నాను మామా, ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఒంటి నిండా చామంతి వాసనే. నిన్న వచ్చిన గుజరీ వాణ్ణి నాగేశే వెనక్కి పంపాడు. ఈ సాయంత్రం తనే బకెట్ తెచ్చి బండి కడిగాడు.

మీ
చైత్ర

*

చింతామణి,
బుధవారం

తల్లీ చైత్రా,

నీ ఉత్తరంలో ఆ బుస్సు నాకు వినపడింది. షెడ్డు మూసిన రెండేండ్ల తరువాత ఒక ఇంజన్ శబ్దం విన్నా. ఎంత సంతోషమో చెప్పలేను.

అట్ట ఎట్లుందో రాసినావు. ఆయిల్ రంగు రాసినావు, మరక రంగు రాసినావు. రబ్బరు అరిగిందని రాసినావు గానీ, మూత మీద ఏ రంగు ఉండిందో మాత్రం రాయలేదు.

ఆ బండికి నేను కడసారి వేసింది ఆ మూతే. వేరే బండిది, నంబర్ చూసుకోకుండా బిగించినా. ఇంజన్ నడిపి, వంగి విన్నా. ఏమీ లేదు. వంటింట్లో నుంచి మీ అత్త వచ్చి, "ఏందది, పాము మాదిరి బుస్సంటాంది?" అనింది. యాడనో ఉన్నామెకు వినపడింది, మీద వంగినోనికి వినపడలేదు. "ఏమీ లేదు, పో" అని కసిరి, పసుపు చుక్క పెట్టేసినా. మరుసటి వారం షెడ్డు మూసి, అందరికీ మోకాళ్ళ నొప్పులని చెప్పినా. నా మోకాళ్ళకు ఏ రోగమూ లేదు తల్లీ.

నీ మొదటి ఉత్తరం చూసినప్పుడే ఆ మూత గుర్తుకొచ్చింది. అయినా చుక్క ఉన్నదాన్ని అనుమానించొద్దని రాసినా. రోషం. దానివల్ల నీ పూల బాడుగ పోయేది. నా మాట మీరి మూత విప్పినావు, మంచి పని చేసినావు.

ఆదివారం బస్సెక్కి వస్తాండా. నువ్వు వింటాండు, నేను విప్పుతాండా. ఊర్లో ఇంకా బండ్లు ఉండాయి కదా.

నిన్న షెడ్డు బీగం తీసినా. సీనప్ప చేతికి పసుపు రంగు డబ్బా, కుంచె ఇచ్చి పంపుతాండా. రంగు గట్టిపడింది, కొంచెం టర్పెంటైన్ కలుపు. కొత్త మూత మీద చుక్క నువ్వు పెట్టు.

నీ చెవులతో విన్న
మామ ఆంజనేయప్ప