ల్యాప్‌టాప్‌కు బొట్టు

మైదుకూరు, మంగళవారం రాత్రి

నా ల్యాప్‌టాప్ బతికింది. నాకే ఏడుపు వస్తోంది.

అది మొరాయించినప్పటి నుంచి లోలోపల సంతోషంగానే ఉన్నాను. "ఇక పని చేయదంటే ఇంటి నుంచి ఎందుకు, హైదరాబాద్ ఆఫీసుకే వచ్చెయ్, ఇక్కడ కంపెనీది ఇస్తాం" అని మేనేజర్ అన్నాడు. ఫోన్‌లో హాస్టళ్లు కూడా చూసుకున్నాను. పెళ్లయ్యాక ఈ ఇంటి గడప దాటడానికి కనిపించిన దారి అదొక్కటే.

ఈరోజు మా ఆయన కడపలో రిపేరు షాపుకు తీసుకెళ్లాడు. "దీని పని అయిపోయినట్టే, కొత్తది కొనాల్సిందే కదా" అని నేనే ముందు అన్నాను, కొత్తదానికి ఇంట్లో డబ్బుల్లేవని తెలిసే.

షాపతను తల అడ్డంగా ఊపాడు. "కొత్తది యాలమ్మా? మిషన్ శానా బాగుండాది. హార్డ్‌డిస్క్ మార్చినామంటే ఇంకా ఐదేండ్లు ఢోకా ఉండదు."

"మార్చెయ్ అప్పా" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండానే. హాస్టళ్ల సంగతి ఆయనకు తెలుసా? నా ఫోన్ చూశాడా?

ఇంటికొచ్చి బటన్ నొక్కితే రెప్పపాటులో ఆన్ అయింది. అత్తమ్మ మురిసిపోయి దాని మూత మీద కుంకుమ బొట్టు పెట్టింది. "ఇంగ నువ్వు యాడికీ పోయే పనే ల్యాదు. ఈడనే కూసోని చేసుకోవచ్చు. దండం పెట్టుకో పాపా" అంది.

పెట్టుకున్నాను. ఏమని మొక్కుకున్నానో ఈ డైరీలో కూడా రాయను.