కాచినా పోని మందు

అన్నయ్యా, నేను బాగానే ఉన్నాను, ఒళ్లే పులిసిపోయింది.

మొన్నటి వానకు పొలాల్లో కొట్టిన పురుగుమందు ఏట్లోకి కొట్టుకొచ్చింది. మా నీళ్ల ప్లాంటులో దాన్ని పీల్చుకునే బొగ్గు పనికిరాకుండా పోయింది. కొత్త బొగ్గు నింపేదాకా నీళ్లు ఆపేశాను. గేటు దగ్గర జనం తిట్టిపోశారు. చంటిబిడ్డనెత్తుకున్న ఒకావిడ, "ఒక్క బిందె పట్టుకోనివ్వమ్మా, కాచి తాగిస్తాను" అని బతిమాలింది.

"కాస్తే పోయే మందు కాదమ్మా, ఇంకా చిక్కబడుతుంది" అన్నాను.

"నీకు పిల్లలుంటే తెలిసేది" అనేసి వెళ్లిపోయింది. కొత్త బొగ్గు నింపి సాయంత్రం నీళ్లు వదిలాం. ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుతోంది.

వదిన ఒట్టిమనిషి కాదు కదా. మందు కొట్టే డబ్బా బావి దగ్గర కడగడం మానెయ్. నీళ్లు తియ్యగానే ఉంటాయి, మందు నాలుకకు తెలియదు. ఆ బావి నీళ్లు ఒక సీసాడు పట్టి బస్సు డ్రైవరు చేతికివ్వు, పరీక్ష చేస్తాను. అప్పటిదాకా బడి దగ్గరి బోరు నీళ్లు తాగండి. వదినతో మోయించకు, నువ్వే మొయ్యి. అమ్మ దగ్గు తగ్గిందా? ఉద్యోగం వచ్చి పెద్దదాన్నయ్యానని నవ్వుకో, కోప్పడు, కానీ ఈ మాట విను.

అమ్మకు దండాలు. కడుపులోని బుజ్జిప్రాణానికి మేనత్త దీవెనలు.

నీ చెల్లి